ఈమెయిల్‌లో స్పెల్ చెక్, లెటర్‌హెడ్ సంతకం

ఈమెయిల్ పంపేముందు అందులోని అక్షరదోషాలను వెతికిపెట్టే సదుపాయం స్పెల్ చెక్. మెయిల్ చివర పంపినవారి పేరు, హోదా, సంస్థ, చిరునామా, ఫోన్ నంబరు దానంతట అదే వచ్చి చేరే భాగం సిగ్నేచర్, అంటే సంతకం. లోగో, రంగులు, నమోదిత కార్యాలయం చిరునామా కూడా చేరి, కంపెనీ అచ్చువేయించుకున్న కాగితంలా కనిపించేదాన్ని లెటర్‌హెడ్ సంతకం అనవచ్చు. మొదటిది ఉత్తరంలోని మాట సరిగా ఉందో లేదో చూస్తుంది. రెండోది ఆ మాట ఎవరిదో చెబుతుంది. ఔట్‌లుక్, జీమెయిల్, థండర్‌బర్డ్, యాపిల్ మెయిల్ వంటి ముఖ్యమైన మెయిల్ సాఫ్ట్‌వేర్లన్నింటిలో ఈ రెండు ఏర్పాట్లూ ఉన్నాయి.

కాగితం నుంచి తెరకు

కాగితం ఉత్తరాల కాలంలో ఈ రెండు పనులూ మనుషుల చేతిలో ఉండేవి. గుమాస్తా చిత్తు రాసేవాడు, పైఅధికారి దిద్దేవాడు, టైపిస్టు శుద్ధప్రతి తీసేవాడు. లెటర్‌హెడ్ ప్రెస్సులో అచ్చయి వచ్చేది. ఉత్తరం టైపు కొట్టేది ఆ కాగితం మీదే. అచ్చుకు వెళ్లేముందు ప్రూఫు వచ్చేది, దాన్ని ఒకరికి ఇద్దరు చూసి సంతకం పెట్టాకే వందలకొద్దీ కాగితాలు అచ్చయ్యేవి.

తెలుగు ఉత్తరానికి ఒక కట్టుబాటు ఉంది. పైన శ్రీకారం, ఊరు, తేదీ, తర్వాత సంబోధన, విషయం, చివర ‘ఇట్లు’ అని చేవ్రాలు. ఆఫీసు ఉత్తరానికి అదనంగా తలమీద సంస్థ పేరు. ఈమెయిల్‌లో ఈ వరుస మారింది. ఎవరు పంపారు, ఎవరికి, ఏ తేదీన, ఏ విషయమై అన్న వివరాలు ఈమెయిల్ శీర్షభాగంలోనే ఉంటాయి కనుక సంస్థ పేరుకు పైన చోటు లేకపోయింది. పేరు లెటర్‌హెడ్ అయినా, అందులో ఉండాల్సిన వివరమంతా ఉత్తరం అడుగుకు దిగి చేవ్రాలుతో కలిసిపోయింది.

స్పెల్ చెక్ పుట్టుక

కంప్యూటర్ చేత అక్షరదోషాలు పట్టించాలన్న ఆలోచన ఈమెయిల్ కన్నా పాతది. 1961లో అమెరికాలోని ఎంఐటీలో లెస్ ఎర్నెస్ట్ చేతిరాతను గుర్తుపట్టే ప్రోగ్రాం ఒకటి తయారుచేస్తూ, చదివిన మాట నిజంగా ఉన్నదో లేదో చూసుకోవడానికి 10,000 ఇంగ్లిష్ మాటల జాబితాను దానికి జోడించారు. స్టాన్‌ఫర్డ్‌లో 1971లో రాల్ఫ్ గోరిన్ పీడీపీ-10 కంప్యూటర్ కోసం రాసిన ‘స్పెల్’ ప్రోగ్రాం తప్పును చూపడంతో ఆగకుండా, సరైన మాట ఏదై ఉంటుందో కూడా సూచించింది. ఆ 1971లోనే రే టామ్లిన్‌సన్ ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ మీద ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు మొదటి ఈమెయిల్ పంపారు. చిరునామాలో మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య @ గుర్తును పెట్టిందీ ఆయనే.

బెల్ ల్యాబ్స్‌లో యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం స్టీవ్ జాన్సన్ 1975లో రాసిన ప్రోగ్రాంను డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ తీర్చిదిద్దారు. ఆయనకు ఎదురైన చిక్కు చోటు. అప్పటి పీడీపీ-11 యంత్రంలో ప్రోగ్రాంకు దొరికేది 64 కిలోబైట్లు మాత్రమే. అందులో సుమారు 30,000 మాటలు ఇమడాలి. ప్రతి మాటనూ అక్షరాలుగా దాచకుండా సంఖ్యగా మార్చి, ఆ సంఖ్యలను కుదించి, ఒక్కో మాటను సుమారు 14 బిట్లలో సర్దారు. అంటే రెండు బైట్ల కన్నా తక్కువ. మాటల చివర చేరే ప్రత్యయాలను విడదీసి, మూలరూపాన్ని మాత్రమే జాబితాలో వెతికే పద్ధతి కూడా ఇందులో ఉంది. తెలుగుకు ఇది ఎంత అవసరమో ముందుముందు చూస్తాం.

పనిచేసే తీరు

స్పెల్ చెక్‌లో రెండు అంచెలున్నాయి. మొదటిది పట్టుకోవడం: రాసిన మాట నిఘంటువులో ఉందా లేదా అని చూడడం. రెండోది సూచించడం: లేని మాటకు దగ్గరగా ఉన్నవేమిటో చెప్పడం.

ఈ దగ్గరతనాన్ని లెక్కగట్టే మార్గం 1964లో ఫ్రెడ్ డామెరావ్ పరిశీలనతో స్పష్టమైంది. ఆయన చూసిన తప్పుల్లో 80 శాతానికి పైగా నాలుగు రకాల్లో ఏదో ఒకటి, అదీ ఒక్కసారే జరిగినవి: ఒక అక్షరం ఎక్కువ పడడం, ఒకటి తగ్గడం, ఒకదాని బదులు మరొకటి రావడం, పక్కపక్క అక్షరాలు తారుమారు కావడం. ఒక మాటను మరో మాటగా మార్చడానికి ఇలాంటి దిద్దుబాట్లు ఎన్ని కావాలో ఆ సంఖ్యే వాటి మధ్య దూరం. సోవియట్ గణితవేత్త వ్లదిమిర్ లెవెన్‌స్టైన్ 1965లో ఇలాంటి దూరాన్నే నిర్వచించారు. నేటికీ చాలా స్పెల్ చెక్‌లకు పునాది ఇదే.

మెయిళ్లలో తరచు కనిపించే ఒక మాటను దగ్గరగా చూద్దాం. ‘కృతజ్ఞతలు’ అని రాయాల్సిన చోట ‘కృతజ్ఙతలు’ అని పడుతూ ఉంటుంది. జకారం కింద ఉండాల్సింది చవర్గంలోని ఞ. పడింది కవర్గంలోని ఙ. చిన్న అక్షరాల్లో రెండు ఒత్తులూ కంటికి ఇంచుమించు ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం అవి వేర్వేరు సంకేతాలు. మాట నిఘంటువులో కనబడదు, ఎర్రగీత పడుతుంది. ఒక్క దిద్దుబాటు దూరంలో సరైన మాట ఉంది కనుక సూచనల్లో అదే ముందుకొస్తుంది. ‘ధన్యవాధాలు’, ‘విద్యార్ధి’, ‘ప్రధమ’ వంటివీ ఇలాగే దొరుకుతాయి. మనిషి కన్ను జారవిడిచేదాన్ని యంత్రం పట్టుకోగల చోటు ఇది.

యంత్రం జారవిడిచేవీ ఉన్నాయి. ‘మీరు రాసింది అర్ధమైంది’ అని రాస్తే, అర్ధం అంటే సగం అన్న మాట నిఘంటువులో నిక్షేపంగా ఉంటుంది. రాసినవారు చెప్పదలచింది ‘అర్థమైంది’ అని. తప్పు మాటే మరో ఒప్పు మాట అయినప్పుడు జాబితాలో వెతకడం చాలదు, చుట్టుపక్కల మాటలను చూడాలి. ఇటీవలి పద్ధతులు లక్షల వాక్యాల నుంచి ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో నేర్చుకుని ఈ పని చేస్తున్నాయి. 2018లో జీమెయిల్‌లో వచ్చిన స్మార్ట్ కంపోజ్, రాస్తున్న వాక్యం ఎలా ముగుస్తుందో ఊహించి ముందుగానే చూపించే స్థాయికి వెళ్లింది.

మెయిల్ సాఫ్ట్‌వేర్‌లోకి

తొలినాళ్లలో స్పెల్ చెక్ వర్డ్ ప్రాసెసర్ల సొత్తు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన పైన్ అనే మెయిల్ ప్రోగ్రాంలో కంట్రోల్, టీ మీటలు కలిపి నొక్కితే తనిఖీ మొదలయ్యేది. మైక్రోసాఫ్ట్ వర్డ్ 95తో, టైపు చేస్తుండగానే తప్పు కింద మెలికల ఎర్రగీత పడే పద్ధతి జనంలోకి వచ్చింది. విండోస్‌తో పాటు వచ్చిన ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌కు సొంత నిఘంటువు లేదు. కంప్యూటర్‌లో ఆఫీస్ ఉంటే దాని నిఘంటువునే అరువు తెచ్చుకునేది, లేకపోతే తనిఖీయే ఉండేది కాదు. 2006లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 2 బ్రౌజర్‌లోనే తనిఖీని చేర్చడంతో, బ్రౌజర్‌లో మెయిల్ రాసేవారికి కూడా ఎర్రగీత అందింది. ఔట్‌లుక్ 2007 నుంచి మెయిల్ రాసే చోటు పూర్తిగా వర్డ్ యంత్రాంగం మీదే నడిచింది.

మెయిల్‌కు ప్రత్యేకమైన అవసరాలు కొన్ని ఉన్నాయి. జవాబు రాసేటప్పుడు కింద ఎదుటివారి ఉత్తరం కూడా ఉంటుంది. అందులోని తప్పులు దిద్దడం మన పని కాదు. అందుకే ఔట్‌లుక్‌లో పాత ఉత్తరంలోని మాటలను వదిలేసే ఏర్పాటు ఉంది. ‘పంపేముందు తనిఖీ చేయి’ అన్న ఏర్పాటు ఔట్‌లుక్‌లోనూ థండర్‌బర్డ్‌లోనూ ఉంది. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు నిఘంటువులో ఉండవు కనుక వాటిని సొంత నిఘంటువులో చేర్చుకునే వీలు కల్పించారు. ఇంగ్లిష్‌లో మెయిల్ రాసే తెలుగువారికి ఇది అక్కరకొచ్చే సదుపాయం. ఇంటిపేర్లన్నిటి కిందా ఎర్రగీతలు పడుతుంటే అసలు తప్పు కింద పడిన గీత వాటిలో కలిసిపోతుంది. సహోద్యోగుల పేర్లను ఒక్కసారి చేర్చిపెట్టుకుంటే తర్వాత పడే గీతకు విలువ ఉంటుంది.

తెలుగు తనిఖీ

ఇంగ్లిష్‌లో ‘లెటర్’ అన్న మాటకు ఏకవచనం, బహువచనం, వాటి షష్ఠీరూపాలు చేరిస్తే జాబితా పూర్తవుతుంది. తెలుగులో ‘ఉత్తరం’ అన్న ఒక్క మాట నుంచి ఉత్తరాలు, ఉత్తరాన్ని, ఉత్తరానికి, ఉత్తరంలో, ఉత్తరంలోని, ఉత్తరాల్లోంచి, ఉత్తరమే, ఉత్తరమా, ఉత్తరమైతే అంటూ రూపాలు పుట్టుకొస్తూనే ఉంటాయి. క్రియలైతే చెప్పనక్కర్లేదు. ‘రాయలేకపోయానని’ అన్న ఒకే మాటలో పని, అశక్తత, కాలం, కర్త, అనుకరణ అన్నీ ఉన్నాయి. పైగా సంధి: ‘మీ ఉత్తరమందింది’ అన్నప్పుడు రెండు మాటలు కలిసి ఒకటయ్యాయి. ఇవన్నీ జాబితాగా రాయడం ఎవరివల్లా కాదు.

ఇలాంటి చిక్కే ఉన్న హంగేరియన్ భాష కోసం లాస్లో నేమెత్ రూపొందించిన హన్‌స్పెల్ దీనికి ఒక దారి చూపింది. అందులో రెండు ఫైళ్లుంటాయి. ఒకటి మూలరూపాల జాబితా, రెండోది ఏ మూలరూపానికి ఏ ప్రత్యయం ఎలా అతుకుతుందో చెప్పే నియమాలు. మాట చివర ఒకదానిపై ఒకటి అతికిన రెండు ప్రత్యయాలను వరుసగా విడదీయగలదు. లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్ దీన్నే వాడతాయి. హన్‌స్పెల్ కోసం తెలుగు నిఘంటువు ఉంది, లిబ్రేఆఫీస్ నిఘంటువుల్లో అది భాగం. అయినా రెండుకు మించి ప్రత్యయాలు, సంధులు కలిసిన మాటల దగ్గర సరైన మాట కిందా ఎర్రగీత పడడం తెలుగు రాసేవారికి నిత్యానుభవం. మెరుగుపడడానికి మార్గం పదవిచ్ఛేదన, అంటే మాటను వ్యాకరణ భాగాలుగా విడదీసే ప్రోగ్రాంలు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఈ దిశగా పరిశోధనలు సాగాయి. అలాంటి పనికి తెలుగు ప్రభుత్వాల, సంస్థల అండ ఎంత దొరికితే తెలుగు ఉత్తరానికి అంత మేలు.

లిపి వైపు నుంచి వచ్చే చిక్కులు వేరు. ‘మెయిల్‌లో’ అన్న మాటలో ల్ తర్వాత కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. అది లేకపోతే లకు లావత్తు పడి ‘మెయిల్లో’ అవుతుంది. మనిషికి రెండూ ఒకటే, జాబితాకు రెండు మాటలు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, రెండు సంకేతాల కలయికగానూ రాయవచ్చు. చూపులో తేడా ఉండదు. తనిఖీకి ముందు ఇలాంటి వాటిని ఒకే రూపానికి తేవడం మంచి తెలుగు స్పెల్ చెక్‌కు తొలిమెట్టు.

సంతకం: నాలుగు వరుసల నుంచి లెటర్‌హెడ్ దాకా

యునిక్స్ రోజుల్లో వాడుకదారు తన ఫోల్డర్‌లో సిగ్నేచర్ అనే పేరుతో చిన్న ఫైలు పెట్టుకుంటే, అందులోని వరుసలు పంపే ప్రతి ఉత్తరం అడుగునా చేరేవి. 1995లో వెలువడిన ఇంటర్నెట్ మర్యాదల పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 1855, సంతకం నాలుగు వరుసలు మించకుండా చూసుకోమంది. నిమిషాల లెక్కన డబ్బు కట్టి మెయిల్ చదువుకునేవారు ఎందరో ఉన్నారని, ఉత్తరం పెరిగేకొద్దీ వారి ఖర్చు పెరుగుతుందని గుర్తుచేసింది.

సంతకం ఎక్కడ మొదలైందో సాఫ్ట్‌వేర్‌కు చెప్పే గుర్తు కూడా అప్పటిదే. ఒక వరుసలో రెండు అడ్డగీతలు, వాటి తర్వాత ఒక ఖాళీ, ఇంకేమీ ఉండకూడదు. ఆ ఖాళీ లేకపోతే గుర్తు గుర్తు కాదు. 2004 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3676 ఈ వాడుకను నమోదు చేసింది. ఈ గుర్తు కనబడితే థండర్‌బర్డ్ కింది భాగాన్ని వెలిసిన రంగులో చూపిస్తుంది, జవాబు రాసేటప్పుడు తీసేస్తుంది. అందువల్ల పది జవాబుల తర్వాత కూడా అవే చిరునామాలు పేరుకుపోవు. జీమెయిల్ కూడా సంతకం ముందు ఈ గీతలు పెడుతుంది, వద్దనుకుంటే తీసేసే ఏర్పాటు ఉంది.

1992లో వచ్చిన మైమ్ ప్రమాణం ఉత్తరంలోకి బొమ్మలకు, ఇంగ్లిష్ కాని లిపులకు దారి తెరిచింది. ఆపై హెచ్‌టీఎంఎల్ మెయిల్ వచ్చింది. అక్షరాలకు రంగు, పరిమాణం, పక్కన లోగో సాధ్యమయ్యాయి. ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లో ‘స్టేషనరీ’ పేరుతో పూల అంచులు, రంగుల నేపథ్యాలున్న కాగితాలు దొరికేవి. 2007లో యాపిల్ మెయిల్ కూడా అలాంటివి ఇచ్చింది. ఈ రంగుల కాగితాలు ఆఫీసుల్లో నిలవలేదు. నిలిచింది అడుగున ఉండే లెటర్‌హెడ్.

సంతకం చోటు ప్రకటనకూ పనికొస్తుందని 1996 జులైలో మొదలైన హాట్‌మెయిల్ నిరూపించింది. పంపే ప్రతి మెయిల్ అడుగునా ఉచిత మెయిల్ ఖాతా తెరవమని ఒక వరుస చేర్చేది. ప్రకటనలకు పెద్దగా ఖర్చు పెట్టకుండానే అది లక్షల మందికి చేరింది. తర్వాత ఐఫోన్ నుంచి పంపినట్లు చెప్పే వరుస కూడా ఈ కోవదే.

లోపలి నిర్మాణం

లెటర్‌హెడ్ సంతకం తెరమీద ఒకటిగా కనిపించినా లోపల చాలా ముక్కలు. ఔట్‌లుక్ ఒక్కో సంతకాన్ని మూడు రూపాల్లో దాస్తుంది: హెచ్‌టీఎంఎల్, రిచ్ టెక్స్ట్, సాదా టెక్స్ట్. ఉత్తరం ఏ రూపంలో వెళితే ఆ సంతకం అతుకుతుంది. లోగో ఉన్న రూపాన్నే అందంగా తీర్చి, సాదా రూపాన్ని చూడకుండా వదిలేస్తే, సాదా మెయిల్ అందుకునేవారికి సంస్థ పేరే లేని సంతకం వెళ్లే ప్రమాదం ఉంది.

లోగోను పంపే దారులు రెండు. బొమ్మను ఉత్తరంలోనే పొదిగి పంపడం ఒకటి, సర్వర్‌లో ఉంచి లంకె ఇవ్వడం రెండోది. లంకె ఇస్తే ఉత్తరం తేలికగా ఉంటుంది, కానీ బయటి బొమ్మలను ఆపేసే ఏర్పాటు ఉన్నచోట లోగో స్థానంలో ఖాళీ డబ్బా కనిపిస్తుంది. పొదిగితే బొమ్మ కనబడుతుంది, బరువు పెరుగుతుంది. మెయిల్‌లో బొమ్మ బేస్64 పద్ధతిలో, ప్రతి 3 బైట్లకు 4 అక్షరాల చొప్పున ప్రయాణిస్తుంది. 60 కిలోబైట్ల లోగో 80 అవుతుంది. రోజుకు 50 మెయిళ్లు పంపేవారి లోగో ఒక్కటే 4 మెగాబైట్లు. తెలుగు అక్షరాలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. ‘తెలుగు’ అన్న మాటలో ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 18, బేస్64లో 24 అక్షరాలు.

యూనికోడ్ వ్యాపించక ముందు తెలుగు పేరు ఎదుటివారి కంప్యూటర్‌లో చెదరకుండా కనిపించాలంటే బొమ్మగా పంపడమే దారి. ఆ అలవాటుతో నేటికీ సంతకమంతా ఒకే బొమ్మగా పెట్టేవారున్నారు. ఇది మానుకోవాల్సిన పద్ధతి. బొమ్మలోని ఫోన్ నంబరు నకలు తీసుకోవడానికి రాదు, వెతికితే దొరకదు, చూపులేనివారికి తెర చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేదు, స్పెల్ చెక్ దాన్ని తాకదు. పేరూ చిరునామా అక్షరాలుగా, లోగో మాత్రం బొమ్మగా, ఆ బొమ్మకు మాటల్లో ఒక వివరణ ఉంటే అందరికీ అందుతుంది.

చట్టం, డిజిటల్ సంతకం

కంపెనీలకు లెటర్‌హెడ్ అలంకారం కాదు, బాధ్యత. భారత కంపెనీల చట్టం, 2013లోని 12వ సెక్షన్ ప్రకారం కంపెనీ తన పేరు, నమోదిత కార్యాలయం చిరునామా, 21 అక్షరాంకెల కంపెనీ గుర్తింపు సంఖ్య, ఫోన్ నంబరు, ఈమెయిల్ వంటి వివరాలను వ్యాపార ఉత్తరాల మీద అచ్చువేయాలి. బ్రిటన్‌లో 2007 జనవరి 1 నుంచి ఇలాంటి నియమం ఈమెయిళ్లకూ స్పష్టంగా వర్తించింది. భారత కంపెనీలు కూడా చాలావరకు ఈ వివరాలను మెయిల్ సంతకంలో చేరుస్తాయి.

ఆ 21 అక్షరాంకెల్లో రెండు రాష్ట్రాన్ని సూచించే అక్షరాలు. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక హైదరాబాద్ కంపెనీల గుర్తింపు సంఖ్యల్లో ఏపీ స్థానంలో టీజీ వచ్చింది, చిరునామాలో రాష్ట్రం పేరు మారింది. ప్రెస్సులో కాగితాలు మళ్లీ అచ్చువేయించడంతో పని అయిపోలేదు. ప్రతి ఉద్యోగి కంప్యూటర్‌లోనూ, ఫోన్‌లోనూ నిల్వ ఉన్న సంతకమూ మారాలి. పెద్ద సంస్థల్లో సంతకాన్ని ఉద్యోగి చేతికి వదలకుండా సర్వర్ దగ్గరే చేర్చే ఏర్పాటు ఇలాంటి మార్పుల కోసమే.

ఈ సంతకాన్ని డిజిటల్ సంతకంతో కలగలపకూడదు. తెలుగులో రెంటికీ సంతకమనే మాటే వాడడం వల్ల ఈ పొరపాటు సులువుగా జరుగుతుంది. సిగ్నేచర్ భాగాన్ని ఎవరైనా నకలు చేయగలరు. లోగో, హోదా చూసి నమ్మి డబ్బు పంపినవారు మోసపోయేది అందుకే. డిజిటల్ సంతకం గణితంతో పెట్టేది. ఉత్తరంలో ఒక్క అక్షరం మారినా అది సరిపోలదు. భారత సమాచార సాంకేతిక చట్టం, 2000 డిజిటల్ సంతకాన్ని గుర్తించింది. మెయిల్‌లో ఎస్‌మైమ్, పీజీపీ పద్ధతులు ఆ పని చేస్తాయి. పంపిన డొమైన్ తరఫున సర్వర్ పెట్టే డీకిమ్ ముద్ర మరొకటి.

రెండూ కలవని చోటు

స్పెల్ చెక్, సంతకం ఒకే ఉత్తరంలో ఉన్నా ఒకదాన్నొకటి పట్టించుకోకపోవచ్చు. థండర్‌బర్డ్ తనిఖీ చేసేటప్పుడు ఎదుటివారి మాటలను వదిలేసినట్లే సంతకభాగాన్నీ వదిలేస్తుంది. పేర్లు, సంక్షిప్తాలు, నంబర్లు నిండిన చోట ఎర్రగీతలు పెట్టి విసిగించకూడదన్న ఉద్దేశం మంచిదే. దాని ఫలితం మాత్రం గమనించాల్సింది. ఉత్తరంలో ‘కృతజ్ఙతలు’ అని పడితే ఆరోజే ఎర్రగీత పడుతుంది. అదే మాట సంతకంలో, పేరుకు పైవరుసలో ‘కృతజ్ఙతలతో’ అని నిల్వ ఉండిపోతే ఏ గీతా పడదు. ఉత్తరంలోని తప్పు ఒక్కరికే వెళుతుంది. సంతకంలోని తప్పు రాసినవారి పేరు పక్కన నిలబడి ప్రతి ఉత్తరంతోనూ వెళుతుంది.

అందుకే సంతకం తయారుచేసుకున్న రోజున దాన్ని మామూలు ఉత్తరంలా టైపు చేసి తనిఖీ చేయించాలి. సొంత చిరునామాకు పంపుకుని కంప్యూటర్‌లో, ఫోన్‌లో, బొమ్మలు ఆపేసిన స్థితిలో చూడాలి. ఫోన్ నంబరుకు ఒకసారి ఫోన్ చేసి, లంకెను ఒకసారి నొక్కి సరిచూసుకోవాలి. పేరుకు ముందు శ్రీ, వెనుక గారు తనకు తాను రాసుకోకపోవడం మన మర్యాద. కాబట్టి పేరు, హోదా, సంస్థ, చేరే దారి ఉంటే చాలు. హోదా మారినప్పుడు, ఆఫీసు మారినప్పుడు ఇదంతా మళ్లీ చేయాలి. లెటర్‌హెడ్ అచ్చుకు వెళ్లేముందు ప్రూఫు చూసే అలవాటు ప్రెస్సుతో పాటు పోయింది. కానీ సంతకాన్ని మరొకరి చేత చదివించడం ఇప్పటికీ అవసరమే. తన పేరు చుట్టూ ఉన్న తప్పు తన కంటికి ఆలస్యంగా కనబడుతుంది.